రాత్రి దగ్గు, రంపపుపొట్టు: ఏ మాస్కు కొనాలి?

ప్రశ్న: నా వయసు 61. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మేడ మీద రేకుల షెడ్డులో సరదాగా వడ్రంగం మొదలుపెట్టాను. పాత ఇళ్లు పడగొట్టినచోట టేకు తలుపులు కొని, వాటితో స్టూళ్లు, పూజా పీటలు చేస్తుంటాను. ఎండీఎఫ్ (కర్రపొడిని జిగురుతో నొక్కి చేసే పలక) కూడా వాడతాను. నాలుగు నెలలుగా, పనిచేసిన రోజు రాత్రి పొడి దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయి. ఇన్నాళ్లూ ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాను. మందుల షాపులో నీలం మాస్కు చాలన్నారు. హార్డ్‌వేర్ షాపులో ఎన్95 కొనమన్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి రెండు గులాబీ రంగు ఫిల్టరు బిళ్లలున్న రబ్బరు మాస్కు పంపించాడు. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను, ఆ రోజుల్లో గడ్డం ఉంటుంది. బీపీకి మాత్ర వాడుతున్నాను. ఏ మాస్కు మంచిది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు మాస్కు గురించి అడిగారు కానీ, మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది ‘పిల్లికూతలు’ అన్న మాట దగ్గర. ముందు దాని సంగతి చూద్దాం.

చెక్కపొడి వల్ల వచ్చే ఉబ్బసం పనిచేస్తున్నప్పుడే మొదలవ్వాలని లేదు. చాలామందిలో కొన్ని గంటలు ఆలస్యంగా, చీకటి పడ్డాక బయటపడుతుంది. అందుకే ‘రాత్రి పెరుగన్నం తిన్నాను, అందుకే దగ్గు’ అనో, ‘ఫ్యాను గాలి పడలేదు’ అనో చెబుతూ నా దగ్గరికి వస్తారు. పగలు చేసిన పని ఎవరికీ గుర్తుకు రాదు. మీకు ఆ లంకె దొరికింది కనుక సగం పని అయిపోయినట్టే. ఛాతీ వైద్యుల దగ్గర స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) చేయించుకోండి. ఊపిరి ఎంత వేగంగా వదలగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ కూడా ఒకటి కొనుక్కోండి. దాన్ని రోజుకు నాలుగుసార్లు ఊది, అంకెలు ఒక పుస్తకంలో రాయండి. అందులో షెడ్డుకు వెళ్లిన రోజులు, వెళ్లని రోజులు రెండూ ఉండాలి. రెండు, మూడు వారాల అంకెలు ఉంటే డాక్టరుకు నా ఈ ఉత్తరం కన్నా అవే ఎక్కువ చెబుతాయి. అది తేలేదాకా షెడ్డులో చేతి పనిముట్లతోనే సరిపెట్టుకోండి, మిషన్లు ఆపండి. ఒకసారి ఆ పొడి పడకపోవడం మొదలైతే, మాస్కు అంచుల్లోంచి దూరే కాస్త పొడి కూడా దగ్గు తెప్పించడానికి చాలు.

ఇంకొక విషయం. మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. అట్ట మీద రామిప్రిల్ అనో, ఎనలాప్రిల్ అనో, అలా ‘ప్రిల్’తో ముగిసే పేరేదైనా ఉంటే, పొడి దగ్గు ఆ మందు వల్ల కూడా రావచ్చు. పిల్లికూతలకు మాత్రం అది జవాబు కాదు. మాత్ర మీరే మానేయకండి, రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడండి.

ఇక పొడి సంగతి. కాళ్ల కింద పోగుపడే రంపపుపొట్టు పెద్ద శత్రువేమీ కాదు. అది బరువుకు రాలిపోతుంది, ముక్కులోకి వెళ్లినా అక్కడే చిక్కుకుంటుంది. శాండరు (కర్రను నున్నగా రుద్దే మిషను) పట్టినప్పుడు లేచే పిండిలాంటి పొడితోనే చిక్కు. 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్న రేణువులు ఊపిరితిత్తుల లోపలి కొసలదాకా పోతాయి. కిటికీలోంచి పడే ఎండలో తేలే రేణువును మన పెద్దలు త్రసరేణువు అన్నారు. దాన్ని మీ షెడ్డులోనే చూడవచ్చు. ఒక రాత్రి పని ముగించి, మిషను ఆపి, పావుగంట తర్వాత లైట్లు తీసేసి టార్చి వేయండి. వెలుగుకు కాస్త పక్కగా నిలబడి ఆ వెలుగుబాట వంక చూడండి. గాలి శుభ్రమైందనుకుని మాస్కు తీసేసి, చెమట తుడుచుకుంటూ టీ తాగే సమయంలో మీరు పీల్చేది అదే.

టేకు, జిట్రేగి వంటి గట్టి కర్రల్లో చర్మానికీ, ముక్కుకూ పడని సహజ రసాయనాలు ఉంటాయి. ఎండీఎఫ్‌లో ఆ పొడికి తోడు ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. కోస్తే మామూలు కర్ర కన్నా మెత్తటి పొడి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్కపొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. దీని వెనకున్న కథ 1960లలో ఇంగ్లండులోని హై వైకోంబ్‌లో మొదలైంది. అది కుర్చీల తయారీకి పేరుపడ్డ ఊరు. మామూలుగా చాలా అరుదైన ఒక రకం ముక్కు క్యాన్సర్ అక్కడి ఫర్నిచర్ పనివాళ్లలో పదేపదే కనిపించడంతో ముక్కు వైద్యులకు అనుమానం వచ్చింది. వాళ్లు ఏళ్ల తరబడి, రోజంతా ఆ పొడిలో పనిచేసినవాళ్లు. సరదాగా పీటలు చేసే మీరు దీనికి హడలిపోనక్కర్లేదు. అయితే ఒకవైపు ముక్కే ఎప్పుడూ మూసుకుపోతున్నా, ఒకవైపు నుంచే రక్తపు చారలు పడుతున్నా జలుబని సరిపెట్టుకోకుండా ముక్కు వైద్యులకు చూపించండి.

మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే, పాత తలుపుల మీది రంగు మరింత ప్రమాదం. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని (లెడ్) 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90కి పరిమితం చేసే నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. మీరు కొనే తలుపులు అంతకన్నా చాలా పాతవి. ఆ రంగును పొడిగా శాండరుతో గీకవద్దు. నీళ్లకు తట్టుకునే ఉప్పుకాగితంతో తడిపి రుద్దండి, వచ్చిన మడ్డిని కాగితంలో చుట్టి పారేయండి. ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లలను ఎత్తుకోవద్దు.

ఇప్పుడు మాస్కులు. తువ్వాలు తడిపి కట్టినా, పొడిగా కట్టినా ఈ మెత్తటి పొడిని ఆపలేదు. నీలం మాస్కు ఆపరేషన్ గదిలో డాక్టరు తుంపర్లు రోగి మీద పడకుండా పెట్టుకునేది. దాని బుగ్గల పక్క సందుల్లోంచి గాలి నేరుగా లోపలికి వస్తుంది. మిగిలినవి ఎన్95, అబ్బాయి పంపిన రబ్బరుది. ఎన్95 బట్ట 0.3 మైక్రాన్ల రేణువుల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. ఆ గులాబీ బిళ్లల మీద పీ100 అని రాసి ఉంటే అవి 99.97 శాతం ఆపుతాయి. కాగితం మీద ఎంతో తేడా. కానీ ఈ రెండూ ముక్కూ నోరూ మాత్రమే కప్పేవి కనుక, అమెరికా లెక్క ప్రకారం రెండింటికీ ఒకటే రక్షణ: బయట ఉన్న పొడిలో పదో వంతు లోపలికి వస్తుందని అనుకోవాలి. ఎందుకంటే ఆ శాతాలు బట్టవి. మీ ముక్కు పక్కన ఉండే సందుకు శాతాలు తెలియవు.

అయినా మీరు రబ్బరు మాస్కే వాడండి. రబ్బరు అంచు ముఖానికి అతుక్కుంటుంది, చెమటకు మెత్తబడదు, కడుక్కోవచ్చు. మీ ఊరి మే నెల ఎండలో రేకుల కింద ఎన్95 అరగంటకే తడిసి ముఖానికి అంటుకుంటుంది. పెట్టుకున్న ప్రతిసారీ రెండు అరచేతులతో బిళ్లలు మూసి గాలి లోపలికి పీల్చండి. మాస్కు ముఖం వైపు లాగి అలాగే నిలిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. ఎక్కడి నుంచో చల్లగాలి తగిలితే పట్టీలు సర్దాలి. కళ్లజోడు మసకబారుతుంటే ముక్కు దూలం దగ్గర కారుతున్నట్టే. ఎన్95 కొనేటట్టయితే చెవులకు తగిలించేది వద్దు, తల వెనక్కి రెండు పట్టీలు ఉన్నది తీసుకోండి. మన ఐఎస్ఐ గుర్తు ఉన్న మాస్కుల మీద ఎఫ్ఎఫ్‌పీ2 అని ఉంటుంది, ఇంచుమించు అదే స్థాయి. పని అయ్యాక మాస్కు తిప్పి లోపలి వైపు చూడండి. పీల్చినచోట కాక, ముక్కు పక్కన గోధుమరంగు చార కనిపిస్తే పొడి ఆ దారినే వచ్చింది. నా దగ్గరికి వచ్చే వడ్రంగులను వాడిన మాస్కు తీసుకురమ్మంటాను. ఎక్స్‌రే కన్నా ముందు అది చూస్తాను.

గడ్డం విషయంలో మీ సందేహం సరైనదే. రెండు రోజుల మాసిన గడ్డమున్నా రబ్బరు అంచు అతకదు. మాల వేసుకున్న 41 రోజులూ శాండరు, రంపం మిషను ముట్టుకోకండి. చిత్రిక, ఉలి పట్టండి. చిత్రిక నుంచి కర్ర చుట్టలు చుట్టలుగా రాలుతుంది, గాలిలో తేలదు. గడ్డంతోనూ వాడుకోగల, మోటారుతో శుభ్రమైన గాలి పంపే టోపీలు ఉన్నాయి కానీ, సరదా పనికి అంత డబ్బు పెట్టమని నేను చెప్పను.

ఆ డబ్బులో కొంత పొడి లేవకుండా చూడటానికి పెట్టండి. శాండరుకు వచ్చే గుడ్డసంచి పెద్ద పొట్టును పట్టి, మెత్తటి దాన్ని మీ ముఖం మీదికే వదులుతుంది. దాని బదులు వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలించండి. టేబుల్ ఫ్యాను వెనక కాకుండా పక్కన పెట్టి, గాలి ఎదురు కిటికీ గుండా బయటికి పోయేలా చూడండి. చీపురుతో ఊడవవద్దు, తడిగుడ్డతో తుడవండి. మిషను ఆపాక కూడా, తుడవడం అయ్యేదాకా మాస్కు తీయకండి. పాలిష్, థిన్నర్ వాసనకు మాత్రం గులాబీ బిళ్లలు పనికిరావు. దానికి బొగ్గు నింపిన నల్ల పట్టీ డబ్బాలు వేరే వస్తాయి, అబ్బాయిని వాటినీ పంపమనండి. బిళ్లలు పీల్చడానికి బరువనిపిస్తే మార్చండి.

మాస్కును షెడ్డులో మేకుకు తగిలిస్తే రాత్రంతా లోపలి వైపు పొడి పడుతుంది, పొద్దున్న మీరు దాన్నే ముక్కుకు పెట్టుకుంటారు. మూతగట్టిగా ఉన్న పాత స్టీలు డబ్బాలో పెట్టండి.