మానాలనుకున్నాక ఎక్కడికి వెళ్ళాలి?

పాఠకుల ప్రశ్నలు, మానసిక వైద్యుల సమాధానాలు

మద్యం, మత్తు అలవాట్లకు చికిత్స గురించి కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మాది రాజోలు ప్రాంతం. మా వారికి 46 ఏళ్ళు, రొయ్యల చెరువులు చేస్తారు. చాలా ఏళ్ళుగా రోజూ తాగుతున్నారు. ఈమధ్య లేవగానే చేతులు వణుకుతున్నాయని పొద్దున్నే మొదలుపెడుతున్నారు. మూడు నెలలు సెంటర్లో పెడితే మానేస్తారనీ, ఫోను చేస్తే వాళ్ళే రాత్రిపూట వ్యాను తెచ్చి తీసుకుపోతారనీ మా ఆడపడుచు భర్త అన్నయ్యగారు చెబుతున్నారు. సెంటర్లో అసలు ఏం వైద్యం చేస్తారు? అలా పంపించవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఉదయం చేతులు వణకడం. రాత్రి తాగినది దిగిపోగానే శరీరం మళ్ళీ మద్యం కోరుతోందనడానికి అది గుర్తు. ఈ స్థితికి వచ్చిన మనిషి ఒక్కసారిగా మానేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక కొందరిలో తికమక, విపరీతమైన చెమటలు, జ్వరం, గుండెదడ, లేని మనుషులూ పురుగులూ కనబడటం మొదలవుతాయి. అప్పుడు సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మానే ప్రయత్నం ఎక్కడ మొదలుపెట్టినా, మొదటి వారం డాక్టరు, నర్సు అందుబాటులో ఉన్నచోటే గడవాలి. తలుపు గడియ పెట్టి ఉంచే గది ఆ పని చేయలేదు.

ఆ మొదటి దశను డీటాక్స్ అంటారు. క్లోర్‌డయాజెపాక్సైడ్, డయాజెపామ్ వంటి మందులు మొదట తగిన మోతాదులో ఇచ్చి, వణుకు తగ్గుతున్నకొద్దీ వారం పది రోజుల్లో పూర్తిగా తగ్గించేస్తారు. కాలేయం దెబ్బతిన్నవారికి లోరాజెపామ్ మేలు. వీటితోపాటు బి1 విటమిన్, అంటే థయామిన్, ఇంజెక్షను రూపంలో ఇస్తారు. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో ఆర్‌ఎంపీ చేత గ్లూకోజు సెలైను పెట్టించడం మన వైపు మామూలే గానీ, ఏళ్ళ తరబడి తాగుతూ అన్నం సరిగా తినని మనిషికి బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే జ్ఞాపకశక్తిని శాశ్వతంగా పోగొట్టే మెదడు జబ్బు బయటపడవచ్చు. ఈ ఒక్క సంగతి దయచేసి గుర్తుపెట్టుకోండి.

డీటాక్స్ పూర్తయిన మనిషి తేటగా కనిపిస్తాడు, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది. చాలా కుటుంబాలు అక్కడితో చికిత్స అయిపోయిందనుకుంటాయి. నిజానికి అసలు చికిత్స మొదలయ్యేది అప్పుడే, అది ఏడాదికి పైగా సాగవలసినది. తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అనే మందులున్నాయి. మొదటిదానికి కాలేయం పరీక్ష, రెండవదానికి మూత్రపిండాల పరీక్ష చూసి ఇస్తారు. కాలేయం బాగా పాడైనవారికి బాక్లోఫెన్ వాడతారు. మద్యం ముట్టుకుంటే వాంతులు, గుండెదడ, ఆయాసం తెప్పించే డైసల్ఫిరామ్ పాతకాలపు మందు. ఇష్టపడి, తెలిసి వేసుకునేవారికి, ఇంట్లో ఒకరు రోజూ దగ్గరుండి వేయించగలిగినప్పుడు అది ఇప్పటికీ బాగా పనికివస్తుంది.

మందులతో సమానమైన బరువు కౌన్సెలింగుకు ఉంటుంది. కౌన్సెలింగంటే నీతులు చెప్పడమని మన వాళ్ళ అభిప్రాయం. మంచి కౌన్సెలరు మీ వారిని ఎప్పుడు, ఎవరితో, ఎక్కడ తాగుతారని ఓపికగా అడుగుతారు. చెరువు గట్టు మీద రాత్రి కాపలా, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయిన రోజు చేతికి వచ్చే డబ్బు, రేటు పడిపోయినప్పటి దిగులు, మేత కొట్టు బాకీ: ఆయన విషయంలో బహుశా ఇవే కారణాలు. గట్టు మీద రాత్రి మకాం కొన్ని నెలలు పాలేరుకో తమ్ముడికో అప్పగించడం, పట్టుబడి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోవడం, కోరిక పుట్టిన ఆ అరగంట ఎలా గడపాలో ముందే నిర్ణయించుకోవడం, ఇవన్నీ చికిత్సలో భాగాలే. వీటిలో మీరూ కూర్చోవాలి. ఇన్నేళ్ళు మీరు పడిన బాధ చెప్పుకోవడానికి కూడా అది చోటు.

ఇక ఎక్కడ అన్న ప్రశ్న. వణుకు, ఫిట్స్ లేనివారికి చాలామందికి ఆసుపత్రిలో చేరకుండానే ఓపీలో వైద్యం చేయవచ్చు. మీ వారిని మాత్రం మానసిక వైద్యులున్న ఆసుపత్రిలో చేర్పించడమే క్షేమం. మీకు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నిధులతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలూ ఉన్నాయి. మీకు దగ్గరలోని కేంద్రం వివరాలకు ఆ శాఖ ఉచిత నంబరు 14446కు ఫోను చేసి అడగవచ్చు. డీటాక్స్ తరువాత కూడా ఇల్లు, పరిసరాలు తాగుడుకే లాగుతుంటే నెలా రెండు నెలలు అలాంటి కేంద్రంలో ఉండటం మంచిదే.

వ్యాను సంగతికి వస్తే, దయచేసి ఒప్పుకోకండి. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మత్తు మందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకుంది. దాని ప్రకారం ఇలాంటి రోగులను చేర్చుకునే సంస్థకు రిజిస్ట్రేషను ఉండాలి. రోగి స్వయంగా సంతకం చేసి చేరడమే సాధారణ పద్ధతి. తనకో ఎదుటివారికో ప్రాణాపాయం తెచ్చేలా ఉన్నప్పుడో, తన ఆలనాపాలనా తాను చూసుకోలేనప్పుడో మాత్రమే, మానసిక వైద్యుడితో సహా ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి ఒప్పుకుంటే, రోగి తరఫు ప్రతినిధి దరఖాస్తు మీద చేర్చుకోవచ్చు. అదీ మొదట 30 రోజులకు మించకుండా. గొలుసులతో కట్టడాన్ని చట్టం ఏ రూపంలోనూ అనుమతించదు. అన్నయ్యగారు చెప్పిన చోటు చూడాలనుకుంటే పగటిపూట మీరే వెళ్ళండి. రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి, డాక్టరు ఏ వేళల్లో ఉంటారో, రాత్రి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారో అడగండి, లోపల ఉన్నవారితో ఒంటరిగా మాట్లాడనివ్వమనండి. మొదటి నెల ఇంటివాళ్ళు ఫోను చేయకూడదు, చూడటానికి రాకూడదు అన్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి. రాత్రిపూట కాళ్ళూ చేతులూ కట్టి తీసుకుపోయిన మనిషి బయటికి వచ్చాక ఇంట్లో ఎవరినీ నమ్మడు, మళ్ళీ డాక్టరు గడప తొక్కడు. ఆ నష్టం పూడ్చడానికి ఏళ్ళు పడుతుంది.

ప్రశ్న: మా అల్లుడు ఏటా అయ్యప్ప మాల వేసి 41 రోజులు చుక్క ముట్టడు. మాల తీసిన సాయంత్రమే మొదలు. అన్ని రోజులు ఉండగలిగినవాడికి ఇది జబ్బెలా అవుతుంది, పొగరు గానీ? (పాలకొల్లు దగ్గరి నుంచి ఒక మామగారు)

జవాబు: మీ కోపం అర్థమవుతోంది. అయితే ఆ 41 రోజులు అతని చుట్టూ ఎన్ని ఏర్పాట్లున్నాయో చూడండి. తెల్లవారుజామున చన్నీటి స్నానం, రెండు పూటలా పూజ, సాయంత్రం భజన, చుట్టూ మాల వేసుకున్న స్వాములు, ఎదురైన ప్రతివారూ ఇచ్చే గౌరవం, తాగడానికి రమ్మనే నోరు ఒక్కటీ లేకపోవడం. మాల తీసిన క్షణాన అవన్నీ పోతాయి, బదులుగా ఏదీ రాదు. తాగకుండా ఉండగలగడం ఒకటి, ఎప్పటికీ ఉండిపోవడం మరొకటి. ఈ జబ్బు దెబ్బతీసేది రెండవదాన్నే. 1935లో అమెరికాలో మొదలై మన దేశంలోనూ నడుస్తున్న ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవారి సంఘం) సమావేశాలు కూడా తోటివారి తోడు మీదే ఆధారపడ్డాయి. కాబట్టి మీ అల్లుడి దీక్ష మీకు దొరికిన మంచి అవకాశం. మాల తీసే రోజుకు రెండు వారాల ముందే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళండి. శరీరంలో మద్యం లేని ఆ సమయంలోనే కోరిక తగ్గించే మందు మొదలుపెడితే, ఇరుముడి దించి వచ్చేసరికి అది పనిచేస్తూ ఉంటుంది.

రోజూ ఎక్కువగా తాగేవారు మాల వేసుకునే రోజు దాకా తాగి ఆ ఉదయమే ఆపేయడం మాత్రం ప్రమాదం. దీక్ష మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్ వస్తే అపచారం జరిగిందనుకుని ఆసుపత్రికి ఆలస్యం చేసే కుటుంబాలుంటాయి. దీక్షకు ముందే డాక్టరుకు చూపించుకోవాలని గురుస్వాములు కూడా చెబితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

ప్రశ్న: తాగుడు మాన్పించే పొడి అన్నంలో కలిపి పెట్టమని తెలిసినావిడ ఇచ్చింది. వాసన, రుచి ఉండవట. పెట్టవచ్చా? (అమలాపురం)

జవాబు: పెట్టకండి. ఇలా చేతులు మారే పొడుల్లో ఏముందో ఇచ్చేవారికీ తెలియదు, కొన్నింటిలో డైసల్ఫిరామే ఉండవచ్చు. ఆ సంగతి తెలియని మనిషి మామూలుగా తాగేస్తాడు, రక్తపోటు పడిపోయి, గుండె జబ్బు ఉన్నవాడైతే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పి ఇచ్చినప్పుడు కూడా చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచాకే ఆ మాత్ర మొదలుపెడతారు. మాత్ర ఆపిన రెండు వారాల వరకు మద్యంతో ప్రతిచర్య రావచ్చు. కొన్ని దగ్గు సిరప్‌లు, ద్రాక్షారిష్టం వంటి అరిష్టాలు కూడా పడవు, వాటిలో ఆల్కహాలు ఉంటుంది. ఇన్ని జాగ్రత్తలు అవసరమైన మందును మనిషికి తెలియకుండా ఎలా వాడగలం?

ప్రశ్న: మా అబ్బాయి భీమవరంలో ఇంజనీరింగు మూడో సంవత్సరం. సంచిలో గంజాయి దొరికింది. ఏడాదిగా తాగుతున్నానని ఒప్పుకున్నాడు. ఆసుపత్రికి తీసుకువెళితే పోలీసు కేసవుతుందని భయం. సెంటర్లో వేస్తే చదువు పోతుంది. ఏం చేయాలి?

జవాబు: అబ్బాయి అడిగితే ఒప్పుకున్నాడంటే మీ ఇద్దరి మధ్య దారి ఇంకా తెరిచే ఉంది, దాన్ని కేకలతో మూయకండి. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుడి బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. మత్తు పదార్థాల చట్టం, 1985లోని 64ఎ సెక్షను కూడా, సొంత వాడకం కోసమో స్వల్ప పరిమాణంతోనో పట్టుబడి కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స పూర్తి చేసుకుంటే ప్రాసిక్యూషను నుంచి మినహాయింపు ఇస్తుంది. చికిత్సకు రావడమే నేరమైనట్టు భయపడనక్కరలేదు.

గంజాయి కోరికను పోగొట్టే మందు ఇంతవరకు ఆమోదం పొందలేదు. మానేసిన రెండు మూడు రోజుల నుంచి చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం ఉండి, రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. అవసరమైతే నిద్రకు కొద్ది రోజులు మందు ఇస్తారు. ప్రధాన చికిత్స కౌన్సెలింగే. అది చదువు సాగుతుండగానే వారానికి ఒకసారి ఓపీలో జరగవచ్చు. ఇరవై ఏళ్ళ కుర్రవాణ్ణి, పాతికేళ్ళుగా తాగుతున్న పెద్దవాళ్ళ మధ్య నెలల తరబడి ఉంచడం నాకు సమ్మతం కాదు. అనుమానాలు ఎక్కువైనా, ఎవరో తనను గమనిస్తున్నారన్నా, చెవిలో మాటలు వినబడుతున్నాయన్నా మాత్రం ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. ఇంట్లో మూత్ర పరీక్షలు చేయాలనుకునే తల్లిదండ్రులకు ఒక మాట: రోజూ వాడినవారిలో మానేసిన కొన్ని వారాల దాకా గంజాయి ఆనవాళ్ళు మూత్రంలో కనబడతాయి. అది చూసి అబద్ధమాడుతున్నాడని నిందించకండి.

ప్రశ్న: మా తమ్ముడు మత్తు ఇంజెక్షన్లకు అలవాటుపడ్డాడు. ఆసుపత్రిలో నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇస్తున్నారు, నెలల తరబడి వాడాలట. ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడమే కదా? (నరసాపురం)

జవాబు: కాదు. అది బుప్రెనార్ఫిన్ అయివుంటుంది. నల్లమందు జాతి మత్తులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేర్చిన చికిత్స అది. నిలకడైన మోతాదులో వాడినప్పుడు మత్తెక్కించకుండా కోరికను, ఒళ్ళు నొప్పులను అణచి ఉంచుతుంది. మనిషి పనికి వెళ్ళగలుగుతాడు, సూదుల వల్ల వచ్చే హెచ్‌ఐవి, హెపటైటిస్ ముప్పు తగ్గుతుంది. మీరు తొందరపడి ఆపించకండి. మానేసి కొన్ని వారాలు గడిచిన శరీరం పాత మోతాదుకు తట్టుకోలేదు, అప్పుడు మళ్ళీ ఒక్కసారి తీసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు.

ప్రశ్న: మా నాన్నగారు చికిత్స తరువాత ఎనిమిది నెలలు ముట్టలేదు. సంక్రాంతికి పందేల బరి దగ్గర బంధువులతో కలిసి తాగారు, మూడు రోజులు తాగి ఆపేశారు. పరువు పోయిందని గదిలోంచి బయటికి రావడం లేదు. మళ్ళీ సెంటర్లో చేర్చాలా? (ముమ్మిడివరం)

జవాబు: ఆపినప్పటి నుంచి వణుకు, చెమటలు, తికమక లేకపోతే చేర్చనక్కరలేదు. ఈ వారంలోనే పాత డాక్టరుకు చూపించండి. నాల్ట్రెక్సోన్ మధ్యలో మానేసి ఉంటే ఆయన మళ్ళీ మొదలుపెట్టిస్తారు, డైసల్ఫిరామ్ అయితే డాక్టరు చెప్పేదాకా ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి. ఎనిమిది నెలలూ వృథా కాలేదని ఆయనతో మీ నోటితో చెప్పండి, ఎందుకంటే సిగ్గుతో ఒంటరిగా కూర్చున్న మనిషి మళ్ళీ సీసా దగ్గరికే వెళతాడు. బరికి ఎవరు పిలిచారు, మొదటి గ్లాసు ఎవరు అందించారు, ఆ ముందు వారం మాత్రలు వేసుకున్నారా అన్నవి డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడుకోండి. వచ్చే పండుగకు పిలిచే బంధువులకు ఈయన తాగరని మీరే ముందుగా ఫోను చేసి చెప్పవచ్చు. బతకాలని లేదనే మాట ఆయన నోట వచ్చినా, అలా అనిపించినా, ఒంటరిగా వదలకండి. 14416 టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ) నంబరులో పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడేవారుంటారు.