ప్రమోషన్ వద్దని రాసిచ్చి పెన్షన్ వచ్చిన హవల్దారుకి ఆ ర్యాంకు మళ్ళీ ఇస్తారా?

ప్రశ్న: "మా నాన్నగారు ఆర్మీలో హవల్దారుగా చేశారు. నాయబ్ సుబేదార్ ప్రమోషన్ వచ్చినప్పుడు ఇంటి పరిస్థితుల వల్ల అన్‌విల్లింగ్ ఇచ్చారు. 24 ఏళ్ళ సర్వీసు దాటాక పెన్షన్ వచ్చి ఇప్పటికి నాలుగేళ్ళయింది. ఇప్పుడు అప్పీలు చేసుకుంటే ఆ ర్యాంకు తిరిగి ఇస్తారా?"

మీ ప్రశ్నలో ఒక తేదీ లేదు. నాన్నగారు ప్రమోషన్ వద్దని సంతకం పెట్టిన తేదీ. అది 24 ఏళ్ళు నిండకముందా, నిండిన తరవాతా? ర్యాంకు మాట పక్కన పెట్టి ముందు ఇది తేల్చుకోండి. ఇలా అప్పీలుకి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది రాని ర్యాంకు కోసం ఏళ్ళ తరబడి తిరుగుతూ, న్యాయంగా రావలసిన ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా సర్వీసు ఏళ్ళని బట్టి జీతంలో ఇచ్చే పై మెట్టు) సంగతే మర్చిపోతారు.

ఎంఏసీపీ అంటే ఏమిటో ఫౌజీ ఇంట్లో చెప్పనక్కర్లేదు. 8, 16, 24 ఏళ్ళకి ఒక్కో మెట్టు. సిపాయిగా చేరి నాయక్, హవల్దార్ అయినవాడికి రెండు మెట్లు ప్రమోషన్లతోనే అయిపోతాయి. 24 ఏళ్ళు నిండిన రోజున మూడోది వస్తుంది. అప్పుడు భుజం మీద స్టార్ లేకపోయినా జీతం నాయబ్ సుబేదార్ లెవెల్‌లోకి, అంటే లెవెల్ 5 నుంచి లెవెల్ 6కి వెళుతుంది. ఇందులో ఒక షరతు ఉంది. మెట్టు అందే తేదీకి ముందే రెగ్యులర్ ప్రమోషన్ ఇస్తామంటే కాదన్నవాడికి ఆ మెట్టు ఇవ్వరు. అవకాశం లేక ఆగిపోలేదు, తానే వద్దనుకున్నాడు అన్నది ప్రభుత్వం చెప్పే కారణం. మెట్టు అందిన తరవాత కాదంటే మాత్రం ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోకూడదు.

తేదీలు పెట్టి చూద్దాం. 2000 మార్చిలో భర్తీ అయిన మనిషికి 2024 మార్చికి 24 ఏళ్ళు నిండుతాయి. అతను 2023లో అన్‌విల్లింగ్ రాసిస్తే మూడో మెట్టు పోయినట్టే. 2024 జూన్‌లో రాసిస్తే ఆ మెట్టు అతనిదే, దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు. రికార్డ్స్ ఆఫీసులో గుమాస్తా ఫైలు మీద "అన్‌విల్లింగ్" అన్న మాట చూసి, తేదీ చూడకుండా మెట్టు ఆపేస్తే అది చిన్న పొరపాటు కాదు, బతికినంతకాలం పెన్షన్‌లో కోత.

ఆ కోత ఎంతో కూడా చెబుతాను. హవల్దారు బేసిక్ 40,400 అనుకోండి. మెట్టు ఎక్కేటప్పుడు ముందు ఒక ఇంక్రిమెంటు కలిపితే 41,600 అవుతుంది. జీతాల పట్టికలో లెవెల్ 6 కింద దానికి పైనున్న గడి 42,300. ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే) 5,200 ఎటూ ఒకటే. సగం పెన్షన్ లెక్కన మొదటిదానికి 22,800, రెండోదానికి 23,750. తేడా నెలకి 950 రూపాయలు, దాని మీద డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి) అదనం. లీవ్ ఎన్‌క్యాష్‌మెంటు, గ్రాట్యుటీ, కమ్యూటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఒకేసారి తీసుకునే మొత్తం) కూడా తక్కువ బేసిక్ మీదే కట్టి ఉంటారు. రేపు ఫ్యామిలీ పెన్షన్‌దీ అదే దారి.

ఇక ర్యాంకు సంగతి. ఆ కాగితం ఎలా పుడుతుందో తెలిస్తేనే దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. ప్రమోషన్ ఆర్డరుతో పాటే పోస్టింగ్ కూడా వస్తుంది. ఖాళీ ఉన్న యూనిట్ ఎక్కడో ఈశాన్యంలో ఉంటుంది. ఇక్కడ కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, లేదా తల్లి మంచం పట్టి ఉంటుంది. హవల్దారు సెలవు అడుగుతాడు. కంపెనీ ఆఫీసులో క్లర్కు ఒక టైపు కాగితం ముందు పెడతాడు. అది ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. నేను స్వచ్ఛందంగా ప్రమోషన్ వదులుకుంటున్నాను, నా మీద ఎవరి ఒత్తిడీ లేదు, దీని పరిణామాలు నాకు వివరించారు, ముందుముందు ఈ విషయంలో ఏ క్లెయిమూ చెయ్యను. సాక్షిగా సీనియర్ జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) సాబ్ సంతకం, కంపెనీ కమాండర్ కౌంటర్ సైన్. పది నిమిషాల్లో అయిపోతుంది. "పరిణామాలు వివరించారు" అన్న వాక్యం కింద సంతకం పెట్టినవాడికి ఆ పరిణామాల్లో ఎంఏసీపీ కూడా ఉందని ఆ గదిలో ఎవరూ నోరు తెరిచి చెప్పరు. జీవితాన్ని మార్చే కాగితం మీద సంతకం పెట్టించేటప్పుడు ఆ జవాను మాతృభాషలో ఒక పేజీ, పోయే డబ్బు అంకెలతో సహా, చేతికివ్వడం సైన్యానికి పెద్ద పని కాదు. మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళలో తరతరాలుగా సైన్యంలో చేరిన కుటుంబాలున్నాయి. వాళ్ళకైనా ఈ ఒక్క కాగితం తెలుగులో ఇవ్వాలి.

ఆ కాగితంలో వెతకవలసింది రెండు విషయాలు. ఆ ఒక్క ఖాళీకే వద్దన్నాడా, ఎప్పటికీ వద్దన్నాడా? వద్దన్నది ప్రమోషన్‌నా, పోస్టింగ్‌నా, లేక ప్రమోషన్ కేడర్ కోర్సునా? కోర్సుకి వెళ్ళలేనని చెప్పడం, చేతికి వచ్చిన ప్రమోషన్ కాదనడం ఒకటి కాదని వాదించడానికి చోటుంది. "రెగ్యులర్ ప్రమోషన్ ఆఫర్ చెయ్యగా కాదన్నాడు" అన్నది షరతు. అసలు ఆఫరే లేకపోతే ఏం కాదన్నట్టు? 2022 జనవరిలో మంజు అరోరా కేసులో సుప్రీంకోర్టు, రెగ్యులర్ ప్రమోషన్ కాదన్న కేంద్ర ఉద్యోగులకి ఏసీపీ (ఎంఏసీపీకి ముందున్న పథకం) లాభం రాదని చెప్పింది. అదే తీర్పులో, మళ్ళీ పాత పోస్టుకి వెనక్కి పంపే షరతుతో తాత్కాలికంగా ఇవ్వజూపిన ప్రమోషన్ కాదన్నవాళ్ళకి లాభం నిలిపింది. ప్రభుత్వ వకీలు ఈ తీర్పులో మొదటి సగమే చదువుతాడు. రెండో సగం మీ పిటిషన్‌లో మీరే రాసి ఉంచాలి.

ర్యాంకు తిరిగి అడగడానికి బలమైన కారణాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అన్నిటికన్నా గట్టిది, సర్వీసులో ఉండగానే "నా అన్‌విల్లింగ్ వెనక్కి తీసుకుంటున్నాను, నాకిప్పుడు ప్రమోషన్ కావాలి" అని రాసిచ్చి ఉండడం, దాన్ని యూనిట్ పట్టించుకోకుండా జూనియర్‌కి ప్రమోషన్ ఇవ్వడం. ఆ దరఖాస్తు నకలు మీద తేదీ, డైరీ నంబరు ఉంటే కేసు నిలబడుతుంది. ఇంకోటి, సంతకం పెట్టినట్టు చెబుతున్న రోజున ఆ మనిషి మిలిటరీ హాస్పిటల్లోనో సెలవులోనో ఉన్నట్టు కాగితం ఉండడం. మరోటి, రికార్డులో అన్‌విల్లింగ్ అన్న ఎంట్రీ ఉండి అసలు సర్టిఫికెటే ఫైల్లో లేకపోవడం. ఇవేవీ లేకుండా నాకు ఇంగ్లీషు రాదు, అప్పుడు కష్టాల్లో ఉన్నాను, మా బ్యాచ్‌వాడు సుబేదార్ అయ్యాడు అని రాస్తే మొదటి వాయిదాలోనే తేలిపోతుంది. కష్టం నిజమే అయినా ట్రిబ్యునల్ చూసేది సంతకాన్నే.

కారణం బలంగా ఉన్నా ఆలస్యం అడ్డొస్తుంది. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. పెన్షన్ తక్కువ రావడం నెలనెలా జరిగే అన్యాయం కాబట్టి ఆలస్యంగా వచ్చినా వింటారు. కానీ పాత బకాయిలు పిటిషన్ వేసిన రోజుకి ముందు మూడేళ్ళ వరకే. ప్రమోషన్, సీనియారిటీ అయితే మధ్యలో వేరేవాళ్ళ హక్కులు ఏర్పడి ఉంటాయి కాబట్టి ఆలస్యం దాన్ని చంపేస్తుంది. అందుకే మీ నాన్నగారి విన్నపాన్ని రెండుగా విడగొట్టండి. మొదటి కోరిక మూడో ఎంఏసీపీ, దాని మీద పెన్షన్ సవరణ, మూడేళ్ళ బకాయి. రెండోది, కాగితాలు అనుకూలంగా ఉంటేనే, నోషనల్ ప్రమోషన్. నోషనల్ అంటే ఫలానా తేదీ నుంచి నాయబ్ సుబేదార్‌గా లెక్కకట్టి పెన్షన్ మాత్రం సరిచెయ్యమనడం. దీనివల్ల ఎవరి సీనియారిటీ కదలదు, ఎవరి ఖాళీ పోదు అని స్పష్టంగా రాయాలి. ఆలస్యం అనే అభ్యంతరానికి ఇదే సమాధానం. ఆ ర్యాంకులో పని చెయ్యని కాలానికి పూర్తి జీతం అడగవద్దు. అడిగితే ఆ అత్యాశ మిగతా కోరికల్నీ పాడుచేస్తుంది. పని చెయ్యనిదే జీతం లేదన్న సూత్రం నుంచి మినహాయింపు దొరికేది, తాను సిద్ధంగా ఉన్నా పై అధికారులు పని చెయ్యనివ్వనప్పుడే. తానే వద్దని రాసినవాడికి అది వర్తించదు.

కాగితాలు తెప్పించుకోవడానికి ఆర్టీఐ దరఖాస్తు నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతోనే వెళ్ళాలి. కొడుకు పేరుతో పెడితే అది మూడో వ్యక్తి సమాచారమని తిప్పి పంపుతారు, నెల వృథా. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, ఎక్స్‌సర్వీస్‌మన్ కార్డు నకలు, పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) మొదటి పేజీ జత చెయ్యండి. పంపవలసింది ఆయన కోర్ రికార్డ్స్‌కి. ఈఎంఈ, ఏఓసీ అయితే సికింద్రాబాద్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, ఏఎస్‌సీ, ఎంఈజీ అయితే బెంగళూరు. అడగవలసినవి: అన్‌విల్లింగ్ సర్టిఫికెట్ ధ్రువీకరించిన నకలు, దానికి ముందు ప్రమోషన్ ఇవ్వజూపిన ఉత్తరం లేదా సిగ్నల్ (సైనిక సందేశం), దాన్ని ఉపసంహరించుకుంటూ ఇచ్చిన దరఖాస్తు ఏదైనా ఉంటే అది, ఎంఏసీపీకి సంబంధించిన పార్ట్ టూ ఆర్డర్లు (జవాను సర్వీసు మార్పులు నమోదు చేసే ఉత్తర్వులు), సీనియారిటీలో ఆయన వెనకే ఉన్నవాడికి ప్రమోషన్ వచ్చిన తేదీ. జూనియర్ ఏసీఆర్లు (ఏటా పై అధికారి రాసే రహస్య నివేదికలు), ప్రమోషన్ బోర్డు ప్రొసీడింగ్స్ అడగవద్దు. అవి మూడో వ్యక్తివని చెప్పి మొత్తం దరఖాస్తునే తోసేస్తారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే తరవాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్. "ఎందుకు ప్రమోషన్ ఇవ్వలేదు" అని ప్రశ్న రూపంలో రాయవద్దు. ఆర్టీఐ ఉన్న కాగితం ఇప్పిస్తుంది, కారణాలు చెప్పించదు.

తరవాత ఓఐసీ రికార్డ్స్‌కి (రికార్డ్స్ ఆఫీసు అధిపతికి) స్పీడ్ పోస్టులో ఒకే ఒక్క విన్నపం. ఆర్మీ యాక్ట్ సెక్షన్ 26 కింద స్టాట్యుటరీ కంప్లయింటు అని కొందరు రాయిస్తారు. అది సర్వీసులో ఉన్నవాళ్ళకి. పెన్షన్ వచ్చినవాళ్ళు మామూలు రిప్రజెంటేషన్ ఇస్తే చాలు. ఒకటిన్నర పేజీ దాటకూడదు. భర్తీ తేదీ, హవల్దార్ అయిన తేదీ, 24 ఏళ్ళు నిండిన తేదీ, అన్‌విల్లింగ్ తేదీ, డిశ్చార్జి తేదీ, ఈ అయిదూ మొదటి పేరాలోనే ఉండాలి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నమూనా ఉత్తరాల వల్ల ఎంత నష్టమో చెప్పకుండా ఉండలేను. వన్ ర్యాంక్ వన్ పెన్షన్, డిసెబిలిటీ, ఆనరరీ నాయబ్ సుబేదార్ అన్నీ కలిపి ఒకే ఉత్తరంలో రాస్తారు. ఆనరరీ ర్యాంకు గణతంత్ర, స్వాతంత్ర్య దినాల జాబితాలో వచ్చే గౌరవం. దాని దారి వేరు. ఇంకో అలవాటు, ఏడాదికోసారి రాష్ట్రపతికి, ప్రధానికి, పోర్టల్‌లో మళ్ళీ మళ్ళీ ఫిర్యాదు పెట్టడం. అలా పెడుతూ ఉంటే గడువు బతికే ఉంటుందనుకుంటారు. ఉండదు. 2008లోనే సి. జాకబ్ కేసులో సుప్రీంకోర్టు, చచ్చిన క్లెయిముకి కొత్త జవాబు వచ్చినంత మాత్రాన ప్రాణం రాదని తేల్చింది.

రికార్డ్స్ తిరస్కరిస్తే ఆ తేదీ నుంచి ఆరు నెలల్లోపు సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్, అంటే అక్కడి పిటిషన్) వెయ్యాలి. ఆంధ్ర, తెలంగాణ వాళ్ళకి చెన్నై బెంచి. జవాబే రాకపోతే విన్నపం ఇచ్చిన ఆరు నెలల తరవాత, ఇంకో ఆరు నెలల్లోపు. గడువు దాటి ఉంటే ఓఏతో పాటే ఆలస్యం మన్నించమని వేరే దరఖాస్తు పెట్టి, ఎన్ని రోజులు ఆలస్యమో లెక్కకట్టి, ఏ రోజు ఆర్టీఐ పెట్టారు, ఏ రోజు కాగితం చేతికొచ్చింది వరసగా రాయాలి. రక్షణ శాఖ కార్యదర్శి ద్వారా భారత ప్రభుత్వం, ఆర్మీ చీఫ్, ఓఐసీ రికార్డ్స్‌తో పాటు ప్రయాగ్‌రాజ్‌లోని పీసీడీఏ పెన్షన్స్‌నీ (సైనిక పెన్షన్ మంజూరు చేసే ఆఫీసు) ప్రతివాదిగా చేర్చండి. వాళ్ళని వదిలేస్తే గెలిచాక కూడా పీపీఓ సవరణ దగ్గర ఫైలు ఆగుతుంది. వకీలుని పెట్టుకుంటే, ఓఏలో ఆ అయిదు తేదీలూ సరిగ్గా ఉన్నాయో లేదో నాన్నగారు స్వయంగా చూసిన తరవాతే సంతకం పెట్టాలి. ఒకే ఓఏని పేరు మార్చి పదిమందికి వేసే ఆఫీసులున్నాయి, అక్కడ తప్పేది తేదీలే.

ట్రిబ్యునల్‌లో ఓడితే దారి మూసుకుపోయినట్టు కాదు. ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టులో రిట్ వేసుకోవచ్చని 2023 మార్చిలో పరషోత్తం దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు చాలామందికి ఢిల్లీ దాకా వెళ్ళే స్తోమత లేక అక్కడే ఆగిపోవలసి వచ్చేది.

నాన్నగారి డిశ్చార్జి బుక్ తీసి భర్తీ తేదీకి 24 ఏళ్ళు కలపండి. అన్‌విల్లింగ్ తేదీ ఆయనకి గుర్తుంటే పక్కన రాయండి, గుర్తు లేకపోతే ఆర్టీఐ ఈ వారమే పోస్టు చెయ్యండి. బకాయి మూడేళ్ళకే పరిమితం కాబట్టి, పిటిషన్ ఒక నెల ఆలస్యమైతే వెనక నుంచి ఒక నెల బకాయి రాలిపోతుంది.