స్కిజోఫ్రీనియా ఉన్న పొరుగువారికి మనం ఎలా తోడ్పడగలం?

కావలిలో మీ వీధి అబ్బాయికి స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం వంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు) అని, ఇరుగుపొరుగు ఏం చేయగలరని అడిగారు. ముందుగా అతన్ని పేరు పెట్టి పలకరించండి. అందరూ మానేసేది అదే.

నయమైందనుకుని మందులు ఆపేస్తే జబ్బు తరచుగా తిరగబెడుతుంది. అందుకే నెలనెలా నెల్లూరు ఆసుపత్రికి బస్సులో తోడు వెళ్లడం చాలా పెద్ద సాయం. ఆ పూట అతని తల్లికి కాస్త విశ్రాంతి కూడా దొరుకుతుంది. అతనికి వినిపించే గొంతులు అబద్ధమని వాదించకండి, అతని భయాన్ని వినండి. ఇంట్లోవాళ్లు కసుమూరు దర్గాకు వెళ్తామంటే వద్దనకండి, మందులు మాత్రం మాననివ్వకండి. గొలుసులతో కట్టేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఇంట్లోవాళ్లకు దారి తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయించండి. రాత్రయినా పగలైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.