విదేశాల్లో పాత గుళ్ళు, కోటలు అన్నీ ఒకేలా ఉంటాయి కదా, అంత డబ్బు పెట్టి చూడటం అవసరమా?

అన్నీ ఒకేలా ఉంటాయని అడిగారంటే మీరు ప్యాకేజీ టూర్‌లో వెళ్ళి ఉంటారు, పందెం. గుడి దగ్గర అరగంట, రత్నాల షాపులో గంటన్నర. అలా తిప్పితే కంబోడియాలోని అంకోర్ వాట్ గుడి అయినా హన్మకొండ చౌరస్తా అయినా ఒక్కటే.

మాది హన్మకొండ. వేయిస్తంభాల గుడి పక్క సందుల్లో ఆడుకుని పెరిగినవాణ్ణి కాబట్టి రాళ్ళ విషయంలో నా మాట వినొచ్చు.

కంబోడియాకు మేమూ ఒక టూర్ వాళ్ళతోనే వెళ్ళాం. అంకోర్ వాట్ పక్కనున్న సియం రీప్ ఊళ్ళో తెల్లారకముందే లేపి, అంకోర్ వాట్ లోపల కోనేటి గట్టున నిలబెట్టారు. ముందు ఎటు చూసినా జనం, వాళ్ళ తలల మీద ఫోన్లు. సూర్యుడు పొడిచాడు, ఫొటోలు అయ్యాయి, ‘పదండి పదండి, టిఫిన్’ అన్నారు. మా ఇంటామె కదల్లేదు. “ఇంత దూరమొచ్చింది ఇడ్లీ తినడానికా?” అంది. బస్సు వాళ్ళను పంపించేసి, అక్కడే ఒక గైడ్‌ను మాట్లాడుకున్నాం. కుర్రాడే, ఇంగ్లీషు మెల్లగా మాట్లాడతాడు.

తూర్పు వైపు వసారాలో ఒక గోడ మొత్తం క్షీరసాగర మథనమే. దాదాపు 49 మీటర్ల పొడవు. ఒకవైపు 92 మంది రాక్షసులు, ఇంకోవైపు 88 మంది దేవతలు, మధ్యలో విష్ణువు, కింద తాబేలు. లెక్క గైడ్ చెప్పాడు. మా ఇంటామె నమ్మకుండా తనే లెక్కపెట్టబోయి ముప్పై దాటాక ఆపేసింది. నన్ను కట్టిపడేసింది మాత్రం కింద నీళ్ళు. అంచుల్లో చేపలు, మొసళ్ళు మామూలుగా ఈదుతుంటాయి. కవ్వం దగ్గరికి వచ్చేకొద్దీ సుడికి తెగిపోయినట్టు రెండేసి ముక్కలుగా ఉంటాయి. ఆ శిల్పి ఎవరో గాని, చల్ల చిలికే కుండలోకి తొంగి చూసే ఉంటాడు.

వాసుకి తోక చివర ఒక పెద్ద కోతి. గైడ్ హనుమంతుడన్నాడు. అంతే, పంచాయితీ మొదలైంది. “ఈడికి హనుమంతుడెట్ల వచ్చిండు తమ్మీ? ఆయన త్రేతాయుగం కదా!” అంది మా ఇంటామె. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. అతను నవ్వి, “మా పెద్దలు ఇలాగే చెక్కారమ్మా, మేమూ ఇలాగే చెప్పుకుంటాం” అన్నాడు. ఈమె తగ్గలేదు. మోహిని, రాహువు, తల తెగడం, అమృతం కథంతా సగం తెలుగు, సగం చేతులతో చెప్పేసింది. రాహువు ముక్క మళ్ళీ చెప్పమని అతనే అడిగాడు. ఈలోగా రెండు గుంపులు వచ్చి, గోడకు వీపు పెట్టి ఫొటోలు దిగి వెళ్ళిపోయాయి.

అంకోర్ వాట్ 12వ శతాబ్దం మొదటి సగంలో రెండో సూర్యవర్మ కట్టించింది. మన రుద్రదేవుడి వేయిస్తంభాల గుడి 1163. అక్కడ ఏడో జయవర్మ 1186లో తా ప్రోమ్ అనే గుడి కట్టిస్తే, ఇక్కడ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప కట్టించాడు. అక్కడా ఇక్కడా ఉలి చప్పుడు ఇంచుమించు ఒకే కాలంలో వినపడింది. వాళ్ళది మెత్తటి ఇసుకరాయి, కులెన్ కొండల నుంచి తెచ్చింది. రామప్ప గుడిలోని ఆడవాళ్ళ శిల్పాలు, మదనికలంటాం, వాటిది నల్లటి గట్టిరాయి. కాబట్టి పరిమాణంలో వాళ్ళు గెలిచారేమో, చేతిపనిలో మనవాళ్ళే గొప్ప. ఇందులో నాకు వాదన లేదు.

అసలు ఈ ‘ఒకేలా ఉంటాయి’ అనేవాళ్ళు మా చుట్టాల్లోనూ ఉన్నారు. ఒకాయన రోమ్‌లో కొలోసియం ముందు దిగిన ఫొటోకు ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. ఆయన్ని ఖిలా వరంగల్ తీసుకెళ్తే, ఏసీ పోతుందని కారే దిగలేదు. నాలుగు తోరణాలూ అద్దంలోంచే చూసి ‘బాగున్నయ్’ అన్నాడు. వేయిస్తంభాల గుడి కల్యాణ మంటపం 2006లో విప్పితే మళ్ళీ తెరిచేసరికి 2024 వచ్చింది. అన్నేళ్ళు అది అక్కడ లేదన్న సంగతి మా కాలనీలో సగం మందికి తెలియదు.

సరే, అంకోర్ వాట్‌కు వెళ్ళేటట్టయితే ఒక్కరోజు టికెట్ కొనకండి. అది 37 డాలర్లు, మూడు రోజులది 62. మూడు రోజులదే తీసుకుని, గుంపులన్నీ భోజనాలకు పోయే మధ్యాహ్నం వెళ్ళండి. ఎండ అంటారా, మే నెలలో హన్మకొండ బస్టాండ్‌లో నిలబడ్డవాళ్ళకు అదొక ఎండా? భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి. మా వెనక నిక్కరుతో వచ్చినాయనను పై అంతస్తు మెట్ల దగ్గరే ఆపేశారు. ఆ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను ఎక్కించకండి. బౌద్ధుల పుణ్యదినాల్లో పై అంతస్తు మూసేస్తారు, ఏ రోజో హోటల్‌లో ముందే కనుక్కోండి.