విరిగిన విల్లు: 28 అంగుళాలని ఎవరు చెప్పారు?

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. మా అబ్బాయి కోసం వేరే రాష్ట్రంలో పేరున్న నిపుణుడి చేత 45 పౌండ్ల చెక్క లాంగ్‌బో చేయించాం. 22,000 రూపాయలు యూపీఐలో పంపాం, బిల్లు లేదు. వచ్చిన రెండు నెలలకే, మేలో, లాగుతుండగా విరిగింది. ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు వెక్కివెక్కి ఏడ్చాడు. 20 నెలలుగా ‘మళ్లీ చేసిస్తా’నని ఫోన్లో తిప్పి, ఇప్పుడు ‘ఎక్కువ లాగారు, నా తప్పు కాదు’ అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: మీ కేసులో మొదట చూడాల్సింది అబ్బాయి ఎత్తు. బార, అంటే చాచిన రెండు చేతుల కొసల మధ్య దూరం, సాధారణంగా ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. దాన్ని అంగుళాల్లో కొలిచి 2.5తో భాగిస్తే డ్రా లెంగ్త్ (నారిని వెనక్కి లాగే దూరం) సుమారుగా తెలుస్తుంది. 74 అంగుళాల బార ఉంటే 29.6 వస్తుంది. లాంగ్‌బో మీద 45 పౌండ్లని రాస్తే మామూలుగా అది నారిని 28 అంగుళాల దాకా లాగడానికి కావాల్సిన బలం. 28కి టిల్లర్ చేసిన (రెండు కొమ్ములూ సమంగా వంగేలా చెక్కి సరిచేసిన) విల్లును 30 దాకా లాగితే బలం అంగుళానికి రెండు మూడు పౌండ్లు పెరగడమే కాదు, వెన్నువైపు (లాగేవాడికి అవతలివైపు) చెక్క నారలు తెగే దాకా సాగవచ్చు.

కాబట్టి ఆ 28ని ఎవరు నిర్ణయించారు? అబ్బాయి ఎత్తు, బార మీరు చెప్పి, ‘వీడికి సరిపోయేలా చేయండి’ అని ఆయన నైపుణ్యాన్ని నమ్మి ఉంటే, 1930 సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 మీ వైపు ఉంటుంది. మీరే ‘28 చాలు’ అని రాసి ఉంటే కేసు బలహీనం. ఆర్డర్ నాటి వాట్సాప్ సంభాషణ మొదటినుంచీ చదవండి. బాణాలు కూడా కొలవండి. నారి ఇమిడే నాక్ గాడి నుంచి ములికి దాకా 28.5 అంగుళాలే ఉంటే, ‘30 లాగారు’ అన్న వాదన నిలవదు.

విరిగిన ముక్కలు అంతకంటే పెద్ద సాక్ష్యం. వెన్ను మీద పేడు లేచి, అక్కడ వార్షిక వలయం (చెట్టు ఏటా వేసే పొర) తెగి కనిపిస్తే చెక్కడంలో లోపం. లోపలివైపు ఒకేచోట సన్నటి అడ్డగీతలుంటే విల్లు అక్కడే ఎక్కువ వంగిందని, టిల్లరింగ్ సరిగా లేదని వాదించవచ్చు. వాటిని ఎపాక్సీతో అతికించొద్దు, ‘బాగుచేస్తా’నన్నా తిరిగి పంపొద్దు. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి, గుడ్డలో చుట్టి దాచండి. విల్లును ఎండలో ఉన్న కారులో ఉంచారా, బాణం లేకుండా నారి వదిలారా అని అవతలివాళ్లు అడుగుతారు. నిజమే చెప్పండి.

ఇరవై నెలలు ఒక్క ఉత్తరమైనా రాయకుండా ఫోన్లతో గడపడం మీ నిర్లక్ష్యమే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. ఫోన్ కాల్స్ వల్ల, నోటీసు ఇచ్చినందువల్ల అది పెరగదు. విరిగిన రోజు నుంచి లెక్కిస్తే నాలుగు నెలలున్నాయి. అవతలివాళ్లు విల్లు మీ చేతికందిన రోజు నుంచి లెక్కిస్తారు, అలాగైతే రెండే. మీరూ రెండే అనుకోండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా దాన్ని నమ్ముకోవద్దు.

చీటింగ్ కేసు జోలికి అసలు వెళ్లొద్దు. డబ్బు తీసుకునేనాటికే మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి. విల్లు చేసి పంపినవాడి మీద అది నిలవడం కష్టం. స్టేషన్ చుట్టూ తిరిగే లోపు ఈ రెండు నెలలూ పోతాయి.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. స్పందన లేకపోతే చంద్రపూర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. వినియోగదారుల చట్టం సెక్షన్ 34 కింద మీరు నివసించే చోటే వేయవచ్చు, ఆయన ఊరు వెళ్లనక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. యూపీఐ స్టేట్‌మెంటు, చాట్ ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డులను ధ్రువీకరించే పత్రం), తెలుగు మెసేజ్‌లకు మరాఠీ లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ముక్కలను పరిశీలించిన మరో విల్లు తయారీదారు అఫిడవిట్ తెచ్చుకోండి. ల్యాబ్ పరీక్ష కావాలని వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద అడగండి, ఆ ఖర్చు ముందు మీరే జమ చేయాలి. 22,000 వాపసు, వడ్డీ, ఖర్చులు కోరండి. కొత్త విల్లు అడిగేటట్లయితే ఈసారి డ్రా లెంగ్త్‌ను ఫిర్యాదులోనే అంకెల్లో రాయండి.