చిత్రకళ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తాతయ్య ఫొటోను జెల్ మీడియంతో (ఆరాక పారదర్శకమయ్యే అక్రిలిక్ జిగురు) చెక్క పలక మీదికి దింపాను. కాగితం రుద్దుతుంటే సగం ముఖం ఊడొచ్చింది. మిగతా చోట తెల్లటి మసక. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: ఊడిన చోట గాలి బుడగ ఉండిపోయి ఉంటుంది, లేదా జెల్ లోపలిదాకా ఆరి ఉండదు. ముందుగా ఒక మాట: అసలు ఫొటోను ఈ పనికి ఎప్పుడూ వాడకండి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) స్పష్టతతో స్కాన్ చేసి, కుడి ఎడమలు తారుమారు చేసి, లేజర్ ప్రింటు తీయించండి. ఇంక్‌జెట్ రంగు చాలావరకు నీళ్లకు కరిగి పాకుతుంది. లేజర్ టోనర్ ప్లాస్టిక్ పొడి కాబట్టి జెల్‌కు అతుక్కుని నిలుస్తుంది.

పలకకు జెల్ సమంగా పట్టించి, ప్రింటును బోర్లించి, అట్టముక్కతో మధ్య నుంచి అంచులకు నొక్కుతూ బుడగలు తోసేయండి. 24 గంటలు ఆరనివ్వండి. గాలిలో తేమ ఉంటే రెండు రోజులు. తర్వాత తడి స్పాంజితో నానబెట్టి వేలికొసలతో గుండ్రంగా రుద్దండి. గోరు తగలకూడదు. కళ్లు, పెదవుల జోలికి చివర్లోనే వెళ్లండి. ఆరగానే మసక మళ్లీ కనిపిస్తుంది, అది మిగిలిపోయిన కాగితపు నార. మళ్లీ తడిపి రుద్దాలి, మూడు నాలుగు విడతలు పడుతుంది. ఆఖరున అదే జెల్ మీడియాన్ని పలచటి పూతగా వేస్తే మిగిలిన కాస్త మసకా పోతుంది.

ఊడిన సగాన్ని సన్న కుంచెతో పూడ్చకండి. జ్ఞాపకంలో ముఖం ఉండేది అలాగే, కొంత స్పష్టంగా, కొంత చెరిగిపోయి. ఆ ఖాళీని ఉండనివ్వండి.

ప్రశ్న: ఆ బొమ్మ మీదే తేనెమైనం పొర వేయవచ్చా?

జవాబు: వద్దు. మైనం పీల్చుకునే తలాన్నే పట్టుకుంటుంది. అక్రిలిక్ జెల్, అక్రిలిక్ గెస్సో (రంగులకు ముందు వేసే తెల్లటి అడుగు పూత) ఆరాక ప్లాస్టిక్ పొరలే. ఇవాళ అంటుకున్నట్టున్నా, చిన్న దెబ్బకే పెచ్చులు లేస్తాయి. మైనమే కావాలంటే వరస మార్చండి: పూత లేని చెక్క మీద ముందు మైనం, దాని మీద ఫొటో. 400 గ్రాముల తేనెమైనానికి 50 గ్రాముల డామర్ రెసిన్ (మైనాన్ని గట్టిపరిచే ఒక చెట్టు బంక) కలిపి కరిగించండి. పని చేసేటప్పుడు వేడి 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. పొగ వచ్చిందంటే మితిమీరినట్టే. థర్మామీటరు, తెరిచిన కిటికీ తప్పనిసరి. మైనానికి నిప్పంటుకుంటే నీళ్లు పోయకూడదు, మూతపెట్టి ఆర్పాలి. ప్రతి పొరనూ వేడిగాలి చిమ్మే హీట్ గన్‌తో కింది పొరలోకి కరగనివ్వాలి, లేకపోతే పొరలు విడిపోతాయి. నున్నగా చల్లారాక లేజర్ ప్రింటును బోర్లించి చెంచా వెనకవైపుతో గట్టిగా రుద్ది, తడిపి, కాగితాన్ని తీసేయండి. ఇక్కడ జిగురే అక్కర్లేదు.

రోమన్ల పాలనలోని ఈజిప్టులో, క్రీ.శ. 1 నుంచి 3వ శతాబ్దం దాకా, చనిపోయినవారి ముఖాలను పలచటి చెక్క పలకల మీద చిత్రించి మమ్మీల ముఖస్థానంలో అమర్చేవారు. ఈజిప్టులోని ఒక ప్రాంతం పేరు మీద వాటిని ఫయూమ్ చిత్రాలంటారు. వాటిలో చాలావాటికి వాడింది మైనం రంగులే, ఆ కళ్లు ఇప్పటికీ మనల్ని సూటిగా చూస్తాయి.

ప్రశ్న: తల వెనక బంగారు రేకుతో వేసిన ప్రభామండలం కొన్ని నెలలకే నల్లబడింది.

జవాబు: అది రాగి, జింకు కలిసిన నకిలీ రేకు అయి ఉంటుంది. గాలి తగిలినా, వేలి చెమట అంటినా రంగు మారుతుంది. అతికించగానే షెల్లాక్ (లక్కతో చేసే వార్నిష్) పూత వేయాల్సింది. 22 క్యారెట్ల అసలు రేకుకు ఆ బెడద దాదాపు ఉండదు. పైగా మైనం మీద జిగురు లేకుండానే, మెత్తగా రుద్దితే అంటుకుంటుంది. అడుగున ఎర్రమట్టి రంగు వేయండి. క్రైస్తవ ఐకాన్లలో (చెక్క మీద వేసే పవిత్ర చిత్రాలు) రేకు కింద ఎర్రటి బంకమట్టి పూసేది అందుకే, బంగారం చిట్లిన చోటా వెచ్చగా కనిపిస్తుంది.

ప్రశ్న: అమ్మ రాసిన ఉత్తరాలు, పాత ప్రార్థన పుస్తకం పేజీలు బొమ్మ మీద అతికించవచ్చా?

జవాబు: అసలువి వద్దు. తడి జిగురుకు సిరా పాకుతుంది, నాసిరకం కాగితం దానిలోని ఆమ్లం వల్ల పసుపెక్కి పెళుసవుతుంది. ఆమ్లం లేని పలచటి కాగితం మీద నకలు తీసి వాడండి. ప్రార్థన పుస్తకాన్ని కత్తిరిస్తే, దాన్ని పవిత్రంగా చూసుకునేవారి మనసు నొచ్చుకుంటుంది. నకలుతో బొమ్మకు తక్కువయ్యేదేమీ లేదు.