జూద నిషేధ చట్టం మామూలు వీడియో గేమ్‌లకూ వర్తిస్తుందా?

హైదరాబాద్ మాల్‌లలోని గేమ్ జోన్‌లలో పిల్లలు ఆడేవి కూడా జూదమేనా అన్నది ప్రశ్న. చిక్కంతా నిర్వచనంలోనే ఉంది. పందెం, అదృష్టం, బహుమతి మూడూ కలిస్తేనే జూదమని సాధారణ అవగాహన. వీటిలో ఒకదాన్ని వదిలేసి చట్టం రాస్తే, ఒక పాప కార్డు గీకి, బుట్టలో బంతులు వేసి, గెలిచిన టికెట్లకు పెన్సిల్ డబ్బా తెచ్చుకోవడమూ నేరమైపోతుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇదే జరిగింది. ఇంటర్నెట్ కేఫ్‌లలోని జూదాన్ని ఆపడానికి 2013లో తెచ్చిన చట్టం స్లాట్ మెషీన్‌ను (డబ్బు వేసి అదృష్టం పరీక్షించుకునే జూదపు యంత్రాన్ని) ఎంత విశాలంగా నిర్వచించిందంటే, ఆ లెక్కన కంప్యూటర్లూ స్మార్ట్‌ఫోన్లూ నిషిద్ధమేనంటూ ఒక కేఫ్ యజమాని కోర్టుకెక్కారు. వినోద యంత్రాలకు మినహాయింపునిస్తూ 2015లో దాన్ని సవరించారు.

మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. 2025 నాటి కేంద్ర చట్టం మాత్రం ఆన్‌లైన్ డబ్బు ఆటల్లో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడదు. డబ్బిచ్చి కొన్న కాయిన్లనూ పందెంగానే లెక్కిస్తుంది. అయితే ఈ-స్పోర్ట్స్‌నూ (పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లనూ), చందా కట్టి ఆడినా పందెం లేని సోషల్ గేమ్‌లనూ అది నిషేధం నుంచి విడిగా ఉంచింది. నా దృష్టిలో ఆ చట్టంలో అత్యంత జాగ్రత్తగా కాపాడుకోవలసిన భాగం ఇదే.